పై కొస

ఈ రాష్ట్రంలో పార్టీల చరిత్ర పార్టీల వాళ్ళకంటే జెండాల మేస్త్రీకే ఎక్కువ తెలుసు. ఆయన చదివింది ఏడో తరగతి వరకే. అయినా ఏ ఎన్నికకి ఏ రంగు గుడ్డ ఎన్ని తానులు తెగిందో, ఎవరు ఏ రంగు విప్పేసి ఏ రంగు కట్టుకున్నారో అడిగితే చాలు, చేతిలో కత్తెర కింద పెట్టకుండానే గడగడా చెప్పేస్తాడు. అరవై రెండేళ్ళ మనిషి. రోడ్డు మీదికి తెరుచుకునే పొడవాటి గది, రెండు కుట్టుమిషన్లు, గుడ్డ పరిచి కోసుకునే బల్ల, ఆ బల్ల కింద తుప్పు పట్టిన రేకు పెట్టె. అదీ ఆయన కొట్టు. గుమ్మం పక్కన వెలుతురు పడే చోట గోడకి చేరబడి ఆయన అక్క కూర్చుంటుంది.

అక్క పని ఒక్కటే, కొసలు మూయడం. జెండాకి ఒక పక్క అంచు మడిచి గొట్టంలా కుడతారు. కర్ర అందులో దూరుతుంది. రెండు కొసలూ తెరిచి ఉంటే జెండా కర్ర మీది నుంచి జారిపోతుంది కాబట్టి ఒక కొస మూసేయాలి. మూసిన కొస పైకి వెళుతుంది. అన్ని మడతలు మిషను పాదం కింద దూరవు, చేత్తోనే కుట్టాలి. కొసకి ఏడు కుట్లు, చివర మూడు మెలికల ముడి. ఇన్నేళ్ళలో అక్క కుట్లు ఎప్పుడూ ఆరు కాలేదు, ఎనిమిది కాలేదు.

ఆ సోమవారం పొద్దున మేస్త్రీ కొత్త జెండాల కట్ట ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. అక్క ఒక జెండా తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఎటు మూయాలిరా తమ్ముడూ?"

"ఎటైనా ఒకటేనక్కా. పైనా కిందా నేరేడు రంగు, మధ్యలో తెలుపు. ఎలా తిప్పినా అదే."

"పై ఏదో కింద ఏదో తెలియని జెండా ఏం జెండారా?"

"రెండు పార్టీల పెద్దలూ ఆర్నెల్లు కూర్చుని తేల్చిన జెండా. మూడువేలు కావాలట, ఆదివారం సభకి."

అక్క ఆ తెల్లచారని బొటనవేలితో తడిమింది. ఇరవై రెండేళ్ళుగా చిన్నాయన పార్టీ తెలుపు కొసని ఆమె ముట్టుకోలేదు. ఆ జెండాలు వస్తే మేస్త్రీయే విడిగా కూర్చుని కొసలు మూసుకునేవాడు. ఇప్పుడు రెండు పార్టీలూ కలిసిపోయి ఒకే గుడ్డలోకి వచ్చి కూర్చుంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మేస్త్రీ తండ్రి కాలంలో రాష్ట్రంలో ఒకటే జెండా, గొడుగు పార్టీది. గొడుగు పట్టుకుని గాడిద నిలబడ్డా గెలుస్తుంది అనేవారు. అలా గెలిచినవాళ్ళు చాలామంది ఉన్నారు, పేర్లెందుకు. ముప్పై ఏళ్ళు అదే వరస నడిచాక పెద్దాయన అనే ఆయన ఆ పార్టీ మీద అలిగి బయటికొచ్చాడు. రాష్ట్రానికి తాళం వేసి కూర్చున్నారు, తీద్దాం రండి అని తాళంచెవి పార్టీ పెట్టాడు. జెండా కుట్టించడానికి నేరుగా ఈ కొట్టుకే వచ్చాడు. అప్పటికి కొట్టులో అమ్ముడుపోని నేరేడు రంగు లైనింగు గుడ్డ పదకొండు తానులు మూలుగుతోంది. ఇది బాగుంటుందయ్యా అన్నాడు మేస్త్రీ తండ్రి. పెద్దాయన సరేనన్నాడు. తర్వాత పార్టీ వాళ్ళు అచ్చేసిన పుస్తకంలో ఆ రంగు శ్రమజీవుల త్యాగానికి ప్రతీక అని రాసుకున్నారు. అది చదివినప్పుడల్లా మేస్త్రీకి తండ్రి మొహం గుర్తొచ్చి నవ్వొచ్చేది.

తాళంచెవి పార్టీ గెలిచింది. గొడుగు కింద ఉన్నవాళ్ళు సగం మంది ఏ ఎండకా గొడుగన్నట్టు ఇటు వచ్చి చేరారు. రెండోసారి కూడా గెలిచింది. ఆ సుఖం పట్టలేక రెండు ముక్కలయింది. పెద్దాయనకి కుడిభుజంగా ఉన్న చిన్నాయన ఒక రాత్రి ఎమ్మెల్యేలందర్నీ బస్సులెక్కించి ఎక్కడో హోటల్లో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి పార్టీ కదా మరి.

పార్టీ నాదంటే నాదని ఇద్దరూ కోర్టుకెక్కారు. గుర్తు ఎవరికీ లేదు పొమ్మన్నారు. ఇక మిగిలింది రంగులే. నేరేడు పైన, తెలుపు కింద అన్నది పెద్దాయన జెండా. చిన్నాయన మనిషొకడు కొట్టుకొచ్చి, "మాకు తెలుపు పైకి రావాలి మేస్త్రీ, మాది స్వచ్ఛమైన పార్టీ" అన్నాడు. అంతే తేడా. మధ్యలో బొమ్మ లేదు, అక్షరం లేదు. గుడ్డ ఒకటే, కోత ఒకటే, గొట్టం ఒకటే. నేరేడు కొస మూస్తే పెద్దాయన పార్టీ, తెలుపు కొస మూస్తే చిన్నాయన పార్టీ. రాష్ట్రం అంతా కొట్టుకు చస్తున్న తగువు ఈ కొట్టులో అక్క వేసే ఏడు కుట్ల దగ్గర తేలేది.

అక్కకి ఒక్కడే కొడుకు. వాడికి పుట్టుకతో వచ్చిన గొంతుంది. వీధి ఈ చివర కేకేస్తే ఆ చివర కుక్కలు లేచి నిలబడేవి. అందుకని అందరూ వాడిని మైకు అని పిలిచేవారు. భర్త పోయి తమ్ముడి పంచన చేరిన మనిషికి ఆ గొంతే ఆస్తి. ఇరవై ఆరేళ్ళకి పెద్దాయన పార్టీలో నినాదాలిచ్చేవాళ్ళలో వాడే మొదటివాడు. ఊరేగింపులో ముందు నడుస్తూ వెనక్కి తిరిగి జనం వైపు అరుస్తాడు. వాడికి జీతం లేదు, పదవి లేదు. పెద్దాయన ఒకసారి భుజం తట్టాడు, అదే పదివేలు వాడికి.

ఇరవై రెండేళ్ళ కిందట, పెద్దాయన పార్టీ ఊరేగింపు రోజు, పొద్దున్నుంచీ అక్క చిన్నాయన జెండాలు మూస్తోంది. రెండువందలో, మూడువందలో. మధ్యాహ్నం మైకు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, నా జెండా ఎవడో ఎత్తుకుపోయాడే. ఒకటి ఇయ్యి, తొందరగా! ఊరేగింపు మలుపు దాకా వచ్చేసింది."

"అన్నం తిని పోరా."

"వచ్చి తింటా!"

అక్క కుప్పలోంచి ఒక జెండా లాగి, ఏడు కుట్లు వేసి, కొడుకుది కదా అని దారం రెండు పేటలు చేసి మరీ ముడేసి ఇచ్చింది. మేస్త్రీ అందుకుని కర్ర దూర్చి మేనల్లుడి చేతిలో పెట్టాడు. గుడ్డ కర్రకి చుట్టుకుని ఉంది. వాడు దాన్ని భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఇంతే జరిగింది. ఇందులో ఎవరు మాత్రం ఏం తప్పు చేశారు?

పొద్దున్నుంచి అలవాటు పడిన చెయ్యి తెలుపు కొస మూసేసింది.

నినాదాలిచ్చేవాడు తన జెండా తాను చూసుకోడు. వాడి కళ్ళు జనం మీద ఉంటాయి. వెయ్యి నేరేడు జెండాల నడుమ తెలుపు పైకున్న జెండా ఒక్కటి లేచింది. చిన్నాయన మనిషిరా, లోపలికి దూరాడురా అని ఎవడో అరిచాడు. వెనక ఉన్నవాళ్ళకి మొహం కనపడదు, గొంతు వినపడదు, జెండా మాత్రం కనపడుతుంది. జెండా కర్రలే చేతికొచ్చాయి. అవతలి పార్టీ వాడు ఆ చుట్టుపక్కల రెండు వీధుల్లో ఒక్కడు లేడు. పక్కనే సైకిళ్ళ షాపు పెట్టుకున్న ముసలాయన ఆస్పత్రి వరండాలో మేస్త్రీకి ఈ సంగతి చెప్పి, "నేను చెప్పానని అనకయ్యా" అని వెళ్ళిపోయాడు.

మైకు బట్టలూ జెండా ఒక సంచిలో పెట్టి మేస్త్రీకి ఇచ్చారు. ఆయన అక్కడే బెంచీ మీద కూర్చుని జెండా తీసి చూశాడు. మూసిన కొస చూశాడు. రెండు పేటల దారం చూశాడు. ఇంటికొచ్చి జెండా దొరకలేదని చెప్పాడు. ఎవరు కొట్టారని అక్క అడిగితే ఆయన నోరు తెరిచేలోపే పార్టీ వాళ్ళు చెప్పేశారు: చిన్నాయన గూండాలు అని. మేస్త్రీ కాదనలేదు. కాదంటే తర్వాతి ప్రశ్న ఒకటుంటుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. అందులోనూ ఆ కాళ్ళు అక్కవి.

చచ్చినవాడి కళ్ళు చారెడు. మైకు ఫొటో పక్కన పెద్దాయన ఫొటో పెట్టి ఊరంతా అంటించారు. వేదిక మీద అక్కని కూర్చోబెట్టి అమరుడి తల్లి అన్నారు. అప్పుడొచ్చిన ఉపఎన్నిక గెలిచారు. పదేళ్ళ పండగకి వేసిన పార్టీ చరిత్రలో వాడికి ఒక పేజీ ఇచ్చారు, ఫొటోతో సహా. అక్కకి చదువు రాదు. కాని నూట పన్నెండో పేజీ ఎక్కడుందో ఆమె వేళ్ళకి తెలుసు. రోజూ పొద్దున్నే లేస్తూనే చిన్నాయన్ని వంశమంతా కలిపి తిట్టి, ఆ పేజీ ఒకసారి తడిమి, అప్పుడు మొహం కడుక్కునేది. ఆ రెండింటి మీదే ఆమె ఇరవై రెండేళ్ళు బతికింది.

అలాంటి ఇంటికి, జెండాల కట్ట వచ్చిన మర్నాడు, చరిత్ర మాస్టారు వచ్చాడు. స్కూల్లో రిటైరైన మనిషి. కలిసిన పార్టీకి కొత్త చరిత్ర రాసే పని ఆయనకి అప్పజెప్పారు. చంకలో ఫైలు, మొహంలో మొహమాటం.

"అమ్మా, మీకు ముందుగా చెప్పడం నా ధర్మం అనుకున్నాను. కొత్త పుస్తకంలో మీ అబ్బాయి పేజీ ఉండదు."

అక్క చేతిలో సూది ఆగిపోయింది. "ఎందుకుండదు?"

"చిన్నాయన గారు, పెద్దాయన గారు ఇప్పుడు ఒకే పార్టీ. ఎవరు కొట్టారని రాస్తామమ్మా?"

"కొట్టినవాడి పేరు వద్దు మాస్టారూ, నాకు తెలుసుగా. పోయినవాడి పేరైనా ఉంచండి."

"పోయాడంటే ఎలా పోయాడని అడుగుతారమ్మా."

ఏరు దాటాక తెప్ప తగలేయడం విన్నాం. ఈయన దాన్ని ఇంత మర్యాదగా చెప్పేసరికి మేస్త్రీకి తిట్టడానికి కూడా తోచలేదు. అక్క ఏడవలేదు. ఏదో ఒక దారి చూపమన్నట్టు మాస్టారి మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆయన పాపం మంచివాడే. ఫైలు ఒకసారి తెరిచి మూసి, గొంతు తగ్గించాడు.

"ఒక పని చేయొచ్చు. సభ దగ్గర పాత జ్ఞాపకాలని ఎగ్జిబిషన్ పెడుతున్నారు. మీ వాడిది ఏదైనా వస్తువుంటే అద్దాల పెట్టెలో పెట్టిస్తాను. కింద పేరు రాయిస్తాను. వస్తువు ఎవరు కొట్టారో చెప్పదు కదా, ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ వస్తువులన్నీ తర్వాత పార్టీ ఆఫీసులోనే ఉంటాయి, శాశ్వతంగా."

"జెండా ఉంది" అంది అక్క.

మేస్త్రీ కత్తెర కింద పెట్టేశాడు. "అది దొరకలేదని చెప్పానుగా అక్కా."

"ఆ బల్ల కింద పెట్టెలో ఉన్నదేమిటిరా? ఇరవై రెండేళ్ళ నుంచి నేను అటు చూస్తే నువ్వు ఇటు వచ్చి నిలబడతావు. రక్తం చూసి తట్టుకోలేనని దాచావు, నేనూ అడగలేదు. ఇప్పుడు తట్టుకుంటా. మాస్టారూ, రేపు పొద్దున రండి."

ఆ మధ్యాహ్నం అక్క భోజనం చేసి లోపల కాసేపు నడుం వాల్చింది. మేస్త్రీ కొట్టు తలుపు ఓరగా వేసి పెట్టె తీశాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇవ్వనంటే వాడి పేరు ఈ భూమ్మీద ఎక్కడా మిగలదు. ఇస్తే అక్క చెయ్యి పడుతుంది దాని మీద, ముప్పై ఏళ్ళ నుంచి గుడ్డని చూపుతో కాదు వేళ్ళతో చదివిన చెయ్యి. అప్పుడు ఆయనకి దర్జీ బుద్ధే పుట్టింది. కుట్టు తప్పయితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు కదా.

తెలుపు కొస దగ్గర మూడు మెలికల ముడి కిందికి బ్లేడు దూర్చాడు. రెండు పేటల దారం గట్టిగా ఉంది, తెగలేదు. రెండోసారి తెగింది. ఒక్కో కుట్టూ లాగుతుంటే మేస్త్రీకి కళ్ళు మసకబారాయి. వాడి కోసం వేసిన కుట్లు ఇవి. అన్నం తిని పోరా అంటూ వేసిన కుట్లు. ఏడూ లాగేసి, నేరేడు కొస మడిచి, రెండు పేటల దారంతో తను ఏడు కుట్లు వేశాడు. అక్క ముడిలాగే ముడి వేశాడు. జెండా ఎత్తి చూసుకున్నాడు. నేరేడు పైన, తెలుపు కింద. ఇప్పుడు ఇది పెద్దాయన జెండా. ఇది పట్టుకుని ఉంటే వాడికిప్పుడు నలభై ఎనిమిదేళ్ళుండేవి.

మర్నాడు మాస్టారు చెప్పిన టైముకే వచ్చాడు. మేస్త్రీ జెండాని కాగితంలో చుట్టి నేరుగా ఆయన చేతికే ఇవ్వబోయాడు.

"ఒక్కసారి నన్ను పట్టుకోనీ" అంది అక్క.

కాగితం విప్పింది. ఎండి గోధుమరంగుకి తిరిగిన మరకల మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. తట్టుకుంటానంది, తట్టుకుంది. తర్వాత అలవాటు కొద్దీ బొటనవేలు కొస మీదికి వెళ్ళింది. నేరేడు కొస మీద ముడి తగిలింది. వేలు అక్కడ ఆగింది. ముడిని అటూ ఇటూ దొర్లించింది. వేలు మెల్లగా గొట్టం వెంబడి కిందికి జారి తెలుపు కొస దాకా వెళ్ళింది. అక్కడ మళ్ళీ ఆగింది. గుడ్డ అంచున ఒకదాని పక్కన ఒకటి చిన్న చిన్న బెజ్జాలు. అక్క పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు.

ఆమె తల ఎత్తి తమ్ముడి వైపు చూసింది. మేస్త్రీ చూపు దించేసుకున్నాడు. అంతకంటే జవాబేముంది.

"కింద ఏమని రాయించమంటారమ్మా?" అన్నాడు మాస్టారు కలం తీస్తూ. "ఇంటిపేరుతో సహా రాయిద్దాం."

అక్క జెండాని నాలుగు మడతలు పెట్టింది. ఎనిమిది మడతలు పెట్టింది. "ఇది మా వాడిది కాదు మాస్టారూ."

"అదేంటమ్మా? నిన్న మీరే..."

"నిన్న నేను చూడలేదు. ఇది మా వాడి జెండా కాదు. మీరు వెళ్ళిరండి."

"మరి ఇంకేదైనా వస్తువు... చొక్కా లాంటిది..."

"ఏమీ లేదు. పుస్తకంలోంచి తీసేస్తే తీసేయండి. నేనేమీ అనుకోను."

మాస్టారు మేస్త్రీ వైపు చూశాడు. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, ఇంకోసారి వెనక్కి చూసి వెళ్ళిపోయాడు. రోడ్డు మీద సభ గురించి మైకు కట్టిన ఆటో ఒకటి అరుచుకుంటూ పోయింది. అది పోయిందాకా అక్క ఆగింది.

"నేనే మూశానా?"

"కర్ర దూర్చింది నేనక్కా. చూడకుండా దూర్చాను."

"మనవాళ్ళే కొట్టారా?"

"మనవాళ్ళే."

"అరవలేదా వాడు? అంత గొంతు పెట్టుకుని, నేనేరా అని అరవలేదా?"

"అరిచే ఉంటాడక్కా. అందరూ అరుస్తున్నారు."

మేస్త్రీకి దుఃఖం ఆగలేదు. బల్ల పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క మాత్రం ఏడవలేదు. మడత పెట్టిన జెండాని తొడ కింద పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

"ఇరవై రెండేళ్ళు పొద్దున్నే ఆ చిన్నాయన్ని తిట్టుకుంటూ లేచానురా. రేపు ఎవర్ని తిట్టుకుంటూ లేవను?"

దాచినందుకు నన్నే తిట్టు అక్కా అందామనుకున్నాడు మేస్త్రీ, అనలేకపోయాడు. కొట్టులో ఇంకా రెండువేల పైచిలుకు జెండాలున్నాయి, ఆదివారం సభకి.

అక్క సూదిలో దారం ఎక్కించమని అందించింది. ఆయన ఎక్కించి ఇచ్చాడు. ఆమె కట్టలోంచి కొత్త జెండా ఒకటి లాగి ఒళ్ళో పరుచుకుంది. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుంది.

"ఇందులో పై ఏదిరా?"

"ఎటైనా ఒకటేనక్కా ఇది."

"సరిగ్గా చూసి చెప్పు."

మేస్త్రీ కళ్ళు తుడుచుకుని వచ్చి ఆమె పక్కన కింద కూర్చున్నాడు. జెండా చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పట్టి, ఒక పక్క చూసి, తిప్పి రెండో పక్క చూశాడు. ఒక కొస ఆమె వేళ్ళ మధ్య పెట్టాడు.

"ఇదీ పై."

అక్క ఏడు కుట్లు వేసి, మూడు మెలికల ముడి వేసి, దారం తెంపి, జెండా పక్కన పెట్టింది. ఇంకోటి తీసి రెండు కొసలూ పట్టుకుంది.

"దీనికి?"

శనివారం సాయంత్రం దాకా ప్రతి జెండాకీ ఆమె అలాగే అడిగింది. ప్రతి జెండానీ మేస్త్రీ తిప్పి చూసే చెప్పాడు.